వందన సమర్పణ: శ్రీ అంజయ్య

అమెరికాలోని క్యారీ ఊరి తెలుగు సమాఖ్యకు ఇరవై రెండేళ్ళలో పదకొండుమంది అధ్యక్షులు మారారు. కార్యదర్శులు ఎందరు మారారో ఎవరికీ గుర్తులేదు. మారనివి రెండే: పులిహోరలో వేరుశెనగపప్పు, వందన సమర్పణకు అంజయ్య.

ఆహ్వాన పత్రికలో ఆయన పేరు ఎప్పుడూ ఆఖరి వరసలో, 'తదుపరి విందు' అన్న మాటకు సరిగ్గా పైన ఉంటుంది. ఆ స్థానబలం సామాన్యమైనది కాదు. ఆయన మైకు ముందుకు రాగానే సభ యావత్తూ లేచి నిలబడుతుంది. మరే వక్తకూ ఆ గౌరవం దక్కలేదు. లేచినవాళ్ళు భోజనాల బల్ల వైపు నడుస్తారన్నది వేరే సంగతి. అంజయ్య ఖాళీ కుర్చీలకు నమస్కరించి, జాబితా విప్పి, ఒక్కొక్క పేరూ స్పష్టంగా, తొందరపడకుండా చదువుతాడు.

పేరు మరవడమనే మహాపరాధం ఆయన ఒక్కసారే చేశాడు. ఒక ఉగాదికి మైకుసెట్టు తెచ్చినాయన పేరు జాబితాలో లేదు, ఈయనకు గుర్తు రాలేదు. మైకుసెట్టాయన అలిగాడు. ఆయన కోసం ఆయన బావమరిది అలిగాడు. ఏడాది తిరిగేసరికి సమాఖ్య రెండయింది. ఇప్పటికీ ఊళ్ళో రెండు ఉగాదులు, రెండు పంచాంగ శ్రవణాలు, ఒకే పంచాంగం. చీలికకు పెద్దలు సైద్ధాంతిక కారణాలు చెబుతారు గానీ అంజయ్యకు నిజం తెలుసు. అప్పట్నుంచి జాబితాలో లేనివాళ్ళను కూడా వెతికి పట్టుకుని కలిపి చదవడం అలవాటు చేసుకున్నాడు.

ఉద్యోగం కూడా అటువంటిదే. మందుల కంపెనీలో దస్తావేజుల విభాగం. కాగితం మీద సంతకాలు పెట్టాల్సినవాళ్ళందరూ సరిగ్గా పెట్టారని చూసి, చివరన తాను సంతకం పెట్టాలి.

మనిషిది జనగామ. భార్య కనకదుర్గది బెజవాడ. ఇంట్లో మాట్లాడే శాఖ ఆమెది, తలూపే శాఖ ఈయనది. పాతికేళ్ళు ఈ ప్రభుత్వం పడిపోకుండా నడిచింది. అంజయ్యకు కారు నడపడం వచ్చు గానీ, ర్యాంపు ఎక్కి హైవేలో కలవాల్సివచ్చేసరికి ప్రాణం గొంతులోకి వచ్చేది. ట్రక్కులు, వాటి వెనక ట్రక్కులు. సందు దొరికేది కాదు, దొరికినా నమ్మకం కుదిరేది కాదు. అప్పుడు పక్కసీట్లోంచి కనకదుర్గ మెడ తిప్పి వెనక్కి చూసి, "ఆగండి… ఆగండి… ఆఁ, ఇప్పుడు పోనివ్వండి" అనేది. ఆ మాట వినపడ్డాకే ఆయన కాలు కదిలేది. అమెరికా హైవేలన్నిటిలోకీ ఆయన ఆ మాట మీదే ప్రవేశించాడు. వెనకసీట్లో కూతురు నైనిక, పిల్లల సీటు నుంచి కాలేజీ దాకా, ఆ మాట వింటూనే పెరిగింది.

నాలుగేళ్ళ కిందట కనకదుర్గ పోయింది. ఏడు వారాల జబ్బు. దహనానికి ముందు ఫ్యూనరల్ హోంలో ఎవరో అంజయ్య చేతికి మైకిచ్చి, ఆమె గురించి రెండు మాటలు చెప్పమన్నారు. మైకు ఇవ్వడమే పొరపాటు. అంజయ్య గొంతు సవరించుకున్నాడు. ఆసుపత్రి సిబ్బందికీ, ఫ్యూనరల్ హోం యాజమాన్యానికీ, ఏడు వారాలు వంతులవారీగా వండి పంపిన పదహారు కుటుంబాలకూ, పంతులుగారికీ, పార్కింగు చూసిన వాలంటీర్లకూ పేరుపేరునా ధన్యవాదాలు తెలిపి కూర్చున్నాడు. ఒక్క పేరూ మరిచిపోలేదు, కనకదుర్గ పేరు తప్ప.

నైనిక కారెక్కుతూ ఒక్కటే అంది. "అమ్మకి కూడా వోట్ ఆఫ్ థాంక్సేనా, డాడ్?"

తరవాత ఆ పిల్లకు అల్ఫారెట్టాలో ఉద్యోగం వచ్చింది. ఆరు గంటల దూరం. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. తిన్నావా అంటే తిన్నానంటాడు. వర్షమా అంటే వర్షమేనంటాడు. ఈయన టైర్లలో గాలి గురించి అడుగుతాడు. ఇద్దరి మధ్యా ఇంకే చర్చనీయాంశమూ లేదు.

ఐర్లండు ఈ కథలోకి వర్షం మూలాన వచ్చింది. కనకదుర్గ తెచ్చుకున్న లైబ్రరీ పుస్తకమొకటి మంచం కింద దొరికితే, ఎనిమిది నెలలు ఆలస్యంగా తిరిగిచ్చేద్దామని అంజయ్య వెళ్ళాడు. బయట కుండపోత. లోపల ఏదో సభ. ఖాళీ కుర్చీ కనపడితే కూర్చున్నాడు, ఖాళీ కుర్చీలతో ఆయనకు పరిచయం పాతది. ఐర్లండు నుంచి వచ్చిన కవయిత్రి ఒకామె, మోచేతుల దగ్గర అరిగిన స్వెట్టరు వేసుకుని లేచి నిలబడింది. దీపం లేదు, శాలువా లేదు, ఆమెను వేదికను అలంకరించవలసిందిగా ఎవరూ కోరలేదు. నీళ్ళు తాగి, చచ్చిపోయిన తన అన్న గురించి, కూరగాయల బండివాడితో మాట్లాడే గొంతుతో చదివింది. ఇంకో గుక్క తాగి ఇంకొకటి చదివింది. అయిపోయింది. జనం చప్పట్లు కొట్టి లేచారు.

అంజయ్య దిగ్భ్రాంతి చెందాడు. ఎవరికీ ఎవరూ థాంక్స్ చెప్పలేదు! అయినా పైకప్పు కూలలేదు.

ఇంటికెళ్ళి, కరెంటు బిల్లు కవరు వెనక మొదటి వాక్యం రాశాడు: 'ఆగండి, ఆగండి… ఆఁ, ఇప్పుడు పోనివ్వండి.' ఆ కవిత పదకొండు పంక్తులు కావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. నైనికకు తెలుగు చదవడం రాదు, వింటే అర్థమవుతుంది. ఇంగ్లీషులోకి మార్చి చూస్తే, అది త్వరగా కోలుకోవాలని కోరుతూ పంపే కార్డులా తయారైంది. చించేశాడు. అంటే ఆ పిల్ల చెవిన పడాల్సిందే, మరో దారి లేదు. ఫోన్లో చదవబోతే నాలుగుసార్లూ టైర్ల దగ్గరే ఆగిపోయింది. మైకు లేకపోతే అంజయ్యకు నోరు పెగలదు. మైకుంటే ఏం పెగులుతుందో మీకు చెప్పే ఉన్నాను.

అటువంటి రోజుల్లో లైబ్రరీ నుంచి ఈమెయిల్ వచ్చింది. అక్టోబరులో ముగ్గురు ఐరిష్ కవులు వస్తున్నారు. కవితా పఠనం చివర స్థానికుడు ఒకరికి ఐదు నిమిషాలు, ఏ భాషైనా సరే. పేరు ఇచ్చి, వెంటనే అల్ఫారెట్టాకు ఫోన్ చేశాడు.

"ఒక కవిత చదువుత బిడ్డా. ఐదు నిమిషాలు. మీ అమ్మ గురించి."



"లిస్ట్ లేదు కదా?" అంది నైనిక.

"లేదు. కసం."

"ఐ విల్ కమ్, డాడ్."

ఇక్కడిదాకా బాగానే ఉంది. పదిరోజుల ముందు లైబ్రరీ హాల్లో మరమ్మతు మొదలైంది, సభకు చోటు లేదన్నారు. అంజయ్యకు సభ ఆగిపోతుందన్న భయం పట్టుకుంది. భయపడ్డ తెలుగువాడు ఏం చేస్తాడో ఆయనా అదే చేశాడు. సమాఖ్య అధ్యక్షుడికి ఫోన్ చేశాడు.

అధ్యక్షులు సూర్యప్రకాశరావు గారు విశాల హృదయులు. "ఐర్లండా! ముగ్గురా! ఏవండీ అంజయ్య గారూ, ఇంత పెద్ద వార్త ఇంత మెల్లిగా చెబుతారేంటండీ? ఆదివారం కమ్యూనిటీ సెంటర్ మన పేర బుక్ అయ్యే ఉంది. అంతర్జాతీయ కవి సమ్మేళనం చేసేద్దాం!"

"అంత వద్దు సర్. వాళ్ళు ఊకె వచ్చి చదివి పోతరు. కుర్చీలుంటే చాలు."

"మీరూరుకోండి. మన ఇంటికొచ్చినవాళ్ళని ఊరికే పంపుతామా?"

అంజయ్య ఊరుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఆయన చేస్తున్న పని అదే కదా.

ఆ ఆదివారం నాలుగున్నరకు సభ. కవులు నాలుగుంబావుకే వచ్చి కూర్చున్నారు, పాపం, గడియారాన్ని నమ్మే జాతి. అంజయ్య లైబ్రరీలో విన్న స్వెట్టరు కవయిత్రి మేవ్ టియర్నీ, డెక్లన్ అనే పొడుగాటి మనిషి, రోషీన్ అనే చిన్న వయసు అమ్మాయి. నైనిక మూడో వరసలో కూర్చుంది. అంజయ్య చొక్కా జేబులో పదకొండు పంక్తులూ నాలుగు మడతల్లో ఉన్నాయి. కమ్యూనిటీ సెంటర్ ఏడింటికి మూసేస్తారు. రెండున్నర గంటల్లో ఐదు నిమిషాలు దొరకవా అనుకున్నాడు.

దీపం కుందిలో వత్తులు లేకపోవడంతో సభ ఐదుంబావుకు మొదలైంది. స్వాగత నృత్యం. మంచి పేరొచ్చిందని మళ్ళీ అదే నృత్యం, ఇంకో బ్యాచ్. తర్వాత సూర్యప్రకాశరావు గారు ఐర్లండుకూ ఆంధ్ర తెలంగాణలకూ గల ప్రాచీన సంబంధాల మీద ఇరవై రెండు నిమిషాలు ప్రసంగించారు. రెండింటినీ ఇంగ్లీషువాడే ఏలాడని, రెండూ తర్వాత రెండు ముక్కలయ్యాయని, రెండింట్లోనూ బంగాళాదుంప వేపుడు తింటారని నిరూపించారు. మేవ్ టియర్నీ శ్రద్ధగా రాసుకుంది. ఏం రాసుకుందో తెలియదు.

ఆపైన శాలువాలు. ముగ్గురు కవులకు మూడు శాలువాలు తెచ్చారు. అయితే స్పాన్సరు కూడా వేదిక మీదే ఉన్నాడు. శాలువా లేని స్పాన్సరు రేపు అవతలి ఉగాదికి వెళ్ళిపోగలడు. అందుకని రోషీన్‌కు కప్పిన శాలువా ఫొటో అయ్యాక తీసి స్పాన్సరుకు కప్పారు. మేవ్ గారు కళ్ళు మూసుకున్నారని ఫొటో మళ్ళీ తీశారు. ఈసారి డెక్లన్ గారు మూసుకున్నారు. ఆయన తెరవలేదు కూడా, చాలాసేపు.

ఆరుంబావుకు కవులకు మైకు అందింది. తలా ఇరవై ఐదు నిమిషాలన్నది తలా పది అయింది. పక్కగదిలో మిర్చి బజ్జీలు వేగుతున్న వాసన వచ్చింది. వెనక వరసలు పలచబడ్డాయి. డెక్లన్ చదివాడు, రోషీన్ చదివింది. చివరగా మేవ్ శాలువా జారుతుంటే భుజం మీద పట్టుకునే లేచి, అదే కూరగాయల బండి గొంతుతో, కొక్కేనికి ఇంకా వేలాడుతున్న అన్న కోటు గురించి చదివింది. ప్రతి శీతాకాలం దాన్ని తీసేద్దామని ఇంట్లో అందరూ అనుకుంటారట, ప్రతి ఒక్కరూ ఇంకొకరు తీస్తారని చూస్తారట. బజ్జీల ప్లేటుతో తలుపు దగ్గర నిలబడినాయన నమలడం ఆపాడు. అంజయ్య మూడో వరస వైపు చూశాడు. నైనిక ఈయన వైపే చూస్తోంది.

ఆరూ నలభై ఆరు. సాంస్కృతిక కార్యదర్శి విజయశ్రీ గారు మెట్ల దగ్గరికి వచ్చారు. "అంజయ్య గారూ, ఓపెన్ మైక్ తీసేద్దామండీ. ఏడింటికి హాల్ ఖాళీ చెయ్యాలి."

"మేడం, నాకు గా ఐదు నిమిషాలు కావాలె," అన్నాడు అంజయ్య. ఆయన నోట 'కావాలె' అన్న మాట సమాఖ్య చరిత్రలో అదే మొదటిసారి. విజయశ్రీ గారు కంగారుపడి అధ్యక్షుణ్ణి పిలిచారు.

సూర్యప్రకాశరావు గారు క్షణంలో తీర్పిచ్చారు. "దానికేముందండీ! వందన సమర్పణ ఎలాగూ మీదే కదా. రెండు నిమిషాల్లో థాంక్స్ చెప్పేసి, మిగతా టైమంతా మీ కవిత. హాయిగా చదూకోండి."

న్యాయంగానే ఉంది. విజయశ్రీ గారు జాబితా చేతిలో పెట్టారు. నలభై ఒక్క పేర్లు.

అంజయ్య మైకు ముందుకు వచ్చాడు. సభ అలవాటు ప్రకారం లేవబోయింది గానీ, కవులు కూర్చునే ఉండటం చూసి సగం మంది సిగ్గుపడి కూర్చున్నారు. నైనిక ఫోన్ పైకెత్తి పట్టుకుంది. రికార్డు చేస్తోంది. ఎడమచేతిలో జాబితా, కుడిచెయ్యి చొక్కా జేబు మీద. ముందు కవితే చదివేస్తే? పేర్లు మిగిలిపోతే? మైకుసెట్టాయన మొహం గుర్తొచ్చింది. రెండు నిమిషాలే కదా.

"సభకు నమస్కారం," అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఇరవై రెండేళ్ళు వచ్చి ఆయన గొంతులో కూర్చున్నాయి. వేదికనలంకరించిన అధ్యక్షులకు, అడగగానే ముందుకొచ్చిన దాతకు, సముద్రాలు దాటి వచ్చిన కవులకు, చిన్నారుల్ని తీర్చిదిద్దిన నాట్య గురువుకు. గొంతు తనంతట తానే వెళుతోంది, దిగువకు దొర్లే బండిలా, హాయిగా. పదిహేనో పేరు దగ్గర ఇక ఆపుదామనుకున్నాడు. పదహారో పేరు మనిషి ఎదురుగానే కూర్చుని, తన పేరు కోసం మెడ చాచి చూస్తున్నాడు. ఇరవై. ఇరవై ఎనిమిది. ప్రతి పేరు తర్వాతా ఒక సందు వస్తోంది, ఆ సందులోకి కవిత పట్టేలాగే ఉంది, ఇంకా నమ్మకం కుదరక తర్వాతి పేరు చదువుతున్నాడు. పక్కన ఎవరూ లేరు ఎప్పుడో చెప్పడానికి.

నలభై ఒకటి అయింది. ఆరూ యాభై నాలుగు. ఇంకా టైముంది. జేబులోని కాగితం సగం బయటికి తీశాడు.

సరిగ్గా అప్పుడు జాబితాలో లేనివాళ్ళు గుర్తొచ్చారు. "అలాగే… వత్తులు తెచ్చి ఆదుకున్న దామోదర్ గారికి. కుర్చీలు వేసిన కుర్రాళ్ళకి. తలుపు తెరిచిన సెంటర్ సిబ్బందికి. మైకు సమకూర్చిన మిత్రులకు. బజ్జీలు వేయిస్తున్న సోదరీమణులకు…"

ఆయన కళ్ళు మూడో వరసలో ఆగాయి.

"…ఆరు గంటలు డ్రైవ్ చేసి అల్ఫారెట్టా నుంచి విచ్చేసిన చిరంజీవి నైనికకు, నా హృదయపూర్వక ధన్యవాదాలు."

ఫోన్ కిందికి దిగింది. నైనిక దాన్ని ఒళ్ళో బోర్లా పెట్టుకుంది.

అంజయ్యకు అది కనపడింది. కనపడ్డాక కూడా నోరు తన పని తాను చేసుకుపోయింది. "చివరిగా," అన్నాడు. ఆ తర్వాత వచ్చేది కవితేనని ఆయన ఉద్దేశం. కానీ అంజయ్య నోట 'చివరిగా' అంటే భోజనమని ఆ ఊరి పసిపిల్లలకు కూడా తెలుసు. కుర్చీలు కిర్రుమన్నాయి. నూట ఇరవై మంది లేచారు. సెంటర్ మనిషి వచ్చి, టైమైందన్నట్టు లైట్లు రెండుసార్లు ఆర్పి వెలిగించాడు. సూర్యప్రకాశరావు గారు మైకు అందుకుని, "అందరూ ప్లేట్లు బయటికి తెచ్చుకుని పార్కింగ్‌లోనే కానివ్వాలి, దయచేసి!" అని ప్రకటించారు.

కాగితాన్ని అంజయ్య మళ్ళీ నాలుగు మడతలూ పెట్టాడు. పాతమడతల మీదే సులువుగా మడతపడింది.

మేవ్ టియర్నీ బజ్జీ ప్లేటుతో ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది. "మీరు చదువుతారన్నారు కదా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"ఈసారి వచ్చినప్పుడు," అన్నాడు అంజయ్య.

"మేం మళ్ళీ రాకపోవచ్చు." ఆమె బజ్జీ తుంచింది. "మా ఊరి హాల్లోనూ ఒకాయన ఉండేవాడు. ముప్పై ఏళ్ళు అందరికీ కృతజ్ఞతలు చెప్పాడు. ఆయన పోయినప్పుడు ఆయన గురించి ఏం చెప్పాలో మాకెవరికీ తెలియలేదు. అలవాటు ఆయనకొక్కడికే కదా ఉండేది."

చెప్పినందుకు అంజయ్య ఆమెకు థాంక్స్ చెప్పాడు.

పార్కింగ్‌లో ఇంకా కాస్త వెలుతురుంది. నైనిక కారు డిక్కీలో పులిహోర డబ్బా పెడుతోంది. పొద్దున్నే ఆఫీసుంది, ఇప్పుడు బయలుదేరితేనే చేరుతుంది.

"బాగా మాట్లాడావ్, డాడ్," అంది, డిక్కీలోకే చూస్తూ. "నా నేమ్ కూడా చెప్పావ్."

"నైనీ, గా కాగితం ఉన్నది…"

"నాకు చదవడం రాదు కదా, డాడ్." డిక్కీ మూసి ఈయన వైపు తిరిగింది. "నువ్వు చదువు. ఇప్పుడు. ఇక్కడే. ఎవరూ లేరు."

అంజయ్య కాగితం విప్పాడు. ఎవరూ లేరన్నది నిజం. మైకు కూడా లేదు. మొదటి పంక్తి కంటికి ఆనుతూనే ఉంది. పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు. కనకదుర్గ ఉంటే మెడ తిప్పి చూసి చెప్పేది. నైనిక ఎదురుచూసింది. చాలాసేపే చూసింది, పాపం, తండ్రి పోలిక.

"టైర్లల్ల గాలి చూసుకున్నవా?" అన్నాడు అంజయ్య.

"చూసుకున్నా, డాడ్."

ఆ పిల్ల ఆయన్ను కావలించుకుంది, ఒక్క చేత్తో, రెండో చేతిలో తాళాలున్నాయి. కారెక్కింది. అద్దం పైకి వెళ్ళిపోయింది.

పార్కింగ్ నుంచి రోడ్డెక్కే చోట ఎప్పుడూ రద్దీయే. కారు అక్కడ ఆగింది. అంజయ్య దాని వెనకే, చేతిలో విప్పిన కాగితంతో, రోడ్డు చివరిదాకా నడిచి, మెడ తిప్పి ఎడమవైపు చూశాడు. ఒక వ్యాను వచ్చింది. దాని వెనక ఇంకొకటి.

"ఆగండి," అన్నాడు. పైకే వచ్చింది గొంతు. "ఆగండి… ఆఁ, ఇప్పుడు పోనివ్వండి."

బ్రేకు లైట్లు అవసరమైనదానికన్నా ఒక్క క్షణం ఎక్కువసేపు వెలిగాయి. అది విన్నందుకో, లేక మూడో వ్యాను దూరాన కనపడ్డందుకో, అద్దాలు మూసిన కారు విషయంలో తేల్చి చెప్పడం కష్టం. ఆ వ్యానూ వెళ్ళిపోయింది. నైనిక రోడ్డులో కలిసింది. ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు, మొదట్నుంచీ డ్రైవింగ్ బాగా వచ్చు.

అంజయ్య అక్కడే నిలబడి మిగతా పది పంక్తులూ మనసులో చదువుకున్నాడు. వెనక నుంచి సూర్యప్రకాశరావు గారి గొంతు వినపడింది. "అంజయ్య గారూ! దీపావళి పత్రిక రేపు ప్రింటుకి వెళ్ళిపోతోందండీ. మీ పేరు మామూలు చోటే వేసేశాం!"

"థాంక్యూ సర్," అన్నాడు అంజయ్య.